నూనె మీద నిలబడే కారు: సిట్రోయెన్ డీఎస్, దాని తోటి వింత బళ్ళు

అందరికీ నమస్కారం.

రాత్రంతా షెడ్డులో నిలిపి ఉంచిన పాత సిట్రోయెన్ డీఎస్‌ని పొద్దున్నే మొదటిసారి చూసినవాళ్ళు దాని కింద ఏదో విరిగిందనే అనుకుంటారు. బండి పొట్ట నేలకి జారి ఉంటుంది. వెనక చక్రాలు మడ్‌గార్డు చాటుకి వెళ్ళిపోయి ఉంటాయి. ఇంజిను స్టార్ట్ చేసి ఊరుకోండి. మొదట తోక లేస్తుంది, ఆ తర్వాత మూతి లేస్తుంది. పడుకున్న ఆవు లేచి నిలబడ్డట్టే, వెనకవైపు ముందు. బండి తన ఎత్తుకి వచ్చి ఆగుతుంది. అప్పటిదాకా కదల్చకూడదు.

ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీ చేసిన ఈ కారు 1955 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో జనం ముందుకి వచ్చింది. 1975 దాకా 14 లక్షల 55 వేల పైచిలుకు బళ్ళు తయారయ్యాయి. ఆకారం ఇచ్చింది ఫ్లామినియో బెర్తోని, ఆయన శిల్పి కూడా. ఇంజినీరింగు నడిపింది ఆంద్రే లెఫెవ్ర్. ఇవాళ మనం ఎక్కువసేపు మాట్లాడుకోబోయే నూనె వ్యవస్థ పాల్ మాజెస్‌ది. ఫ్రెంచిలో డీ, ఎస్ అనే రెండక్షరాలూ కలిపి పలికితే ‘దేవత’ అనే మాట వినిపిస్తుంది.

పాత కార్లలో వింతగా కనిపించే భాగాలు ఇంజినీరు సరదాకి పెట్టినవి కావు. ప్రతిదాని వెనకా ఒక మొదటి నిర్ణయం ఉంటుంది. ఆ నిర్ణయం తీసుకున్నాక మిగతావన్నీ గొలుసుకట్టుగా వస్తాయి, తప్పించుకోవడానికి వీలుండదు. మెకానిక్కు దెబ్బతినేది గొలుసు చివరి కొక్కెం ఒక్కటే పట్టుకుని రిపేరు చేయబోయినప్పుడు. అందుకే డీఎస్‌ని ఆ మొదటి నిర్ణయం నుంచి మొదలుపెట్టి చూద్దాం.

మనకి బాగా తెలిసిన అంబాసిడర్‌ని గుర్తు తెచ్చుకోండి. ముందు టార్షన్ బార్లు, అంటే మెలి తిరిగి స్ప్రింగు పని చేసే ఉక్కు కడ్డీలు, వెనక కమాన్ పట్టీలు. డ్రైవరు ఒక్కడే ఉన్నప్పుడు వెనకవైపు గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. అదే బండిలో వెనక సీటులో నలుగురు కూర్చుని డిక్కీ నింపితే నడక మెత్తబడుతుంది, కానీ తోక కుంగి హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్ని చూస్తాయి. ఉక్కు స్ప్రింగుతో ఉన్న చిక్కే ఇది. మెత్తగా పెడితే బరువుకి కుంగుతుంది, కుంగకుండా పెడితే ఖాళీ బండి గట్టిగా ఉంటుంది. డీఎస్‌లో బరువు ఎక్కువగా ముందు చక్రాల మీద ఉంటుంది, ఇంజినూ గేర్‌బాక్సూ రెండూ అక్కడే. వెనక చక్రాలు మోసేది తక్కువ. నలుగురు మనుషులూ సామానూ ఎక్కితే ఆ బరువు ఒక్కసారిగా ఎంతో పెరుగుతుంది. చాలా మెత్తని స్ప్రింగు కావాలి, కుంగనే కూడదు. ఉక్కుతో ఈ రెండూ కలిసి రావు. అందుకని మాజెస్ స్ప్రింగుగా గ్యాసుని ఎంచుకున్నారు. మొదటి నిర్ణయం అదే.

ఇదిగో, నా చేతిలో ఉన్నది ముందు చక్రం గోళం. ఉక్కు గుండు, లోపల సుమారు అర లీటరు చోటు. నడుమ అడ్డంగా రబ్బరు పొర. పొరకి పైన నైట్రోజన్, కింద నూనె. చక్రం ఎగిరితే దాని చెయ్యి ఒక పిస్టన్‌ని నెడుతుంది, పిస్టన్ నూనెని గోళంలోకి తోస్తుంది, నూనె పొరని నొక్కుతుంది, గ్యాసు కుదించుకుపోతుంది. నూనె కుదించుకుపోదు కాబట్టి అది కడ్డీ చేసే పనే చేస్తుంది. స్ప్రింగు మాత్రం గ్యాసే. ఈ మెడ దగ్గర చూడండి, చిన్న రంధ్రాలూ వాటి మీద పల్చటి ఉక్కు బిళ్ళలూ ఉన్నాయి. షాక్ అబ్సార్బర్ ఇదే, విడిగా ఇంకొకటి లేదు.

నైట్రోజనే ఎందుకు, గాలి చాలదా అంటే చాలదు. గాలిలో ఆక్సిజన్ ఉంటుంది, తేమ ఉంటుంది. నూనె ఆవిరి ఆక్సిజన్‌తో కలిసి గట్టిగా నొక్కుకుపోతే డీజిల్ ఇంజినులో అంటుకున్నట్టు అంటుకోగలదు. కాబట్టి గోళంలో టైర్ల షాపు గాలి ఎక్కించే ఆలోచన మనసులోకి కూడా రానివ్వకండి.

ఒక లెక్క చూద్దాం. ముందు గోళాన్ని ఖాళీగా ఉండగా 59 బార్లకి నింపుతారు. ఇక్కడ బార్ అంటే ప్రెషర్ కొలత, ఒక బార్ దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత. బండి బరువు మోపినప్పుడు లోపల ప్రెషర్ 100 బార్లు అయిందనుకుందాం, వేడి మారలేదనుకుందాం. 500 ఘనసెంటీమీటర్ల గ్యాసు 295కి కుదించుకుంటుంది. ఆ 295 మీదే బండి తేలుతోంది. ఇప్పుడు ఏళ్ళు గడిచి, గ్యాసు పొరలోంచి కొద్దికొద్దిగా పోయి, 59 కాస్తా 30 అయిందనుకోండి. మోసే బరువు అదే, కాబట్టి ప్రెషర్ అదే 100. గ్యాసు మాత్రం 150 మాత్రమే మిగిలింది. సగం గ్యాసు అంటే రెండింతల గట్టి స్ప్రింగు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. గోళంలో గ్యాసు తగ్గితే బండి కుంగుతుందనుకుంటారు. కుంగదు. ఎత్తుని చూసుకునేది వేరే వాల్వు, అది నూనె పోసి ఎత్తు సరిగ్గానే ఉంచుతుంది. టేపు పెట్టి కొలిస్తే మిల్లీమీటరు తేడా ఉండదు, నడిపితే మాత్రం ఎడ్లబండిలా కొడుతుంది. డీఎస్ గట్టిగా నడుస్తోందంటే ముందు గోళాలు చూడండి. ఎత్తు తేడాగా ఉందంటే వాల్వు సంగతి చూడండి. ఈ రెండూ వేరువేరు జబ్బులు. బండి ఆపి ఒక మూల మీద బరువు వేసి నొక్కండి. మంచి గోళమైతే మెత్తగా దిగి మెల్లగా లేస్తుంది. చచ్చిన గోళమైతే గోడని నొక్కినట్టుంటుంది.

గోళం మార్చే పద్ధతి చెప్తాను. ఇంజిను ఆపాలి, బండి ఎంత ఎత్తులో నిలబడాలో చెప్పే ఎత్తు లివరుని అన్నిటికంటే కిందికి పెట్టాలి. ప్రెషర్ రెగ్యులేటరు మీద ఒక స్క్రూ ఉంటుంది, దాన్ని ఒక చుట్టు వదులు చేస్తే నూనె సర్రున ట్యాంకులోకి తిరిగి వెళ్తుంది. బండి పూర్తిగా దిగేదాకా ఆగాలి. గోళాన్ని పట్టీ పానాతో విప్పాలి. కొత్త సీలు రింగుకి అదే నూనె రాసి, గోళాన్ని చేత్తోనే బిగించాలి. పానా అక్కర్లేదు. ప్రెషర్ ఎక్కాక అదే సీలుని గట్టిగా ఒత్తుతుంది. పానాతో బిగించినవాడి తర్వాత విప్పేవాడు నానా అవస్థా పడతాడు.

సరే, గ్యాసు స్ప్రింగు పెట్టుకున్నాం. అది మెత్తగా ఉంది కాబట్టి మనిషి ఎక్కితే కుంగాలి. కుంగకుండా ఉండాలంటే ఎవరో నూనె పోయాలి, దిగితే తీయాలి. అంటే ఎత్తుని చూసే వాల్వు కావాలి. దానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే నూనె కావాలి. అంటే పంపు కావాలి. గొలుసు ఎలా పెరుగుతోందో చూస్తున్నారు కదా.

పంపులో ఏడు చిన్న పిస్టన్లు, వాటిని తోసే వంకర బిళ్ళ. ఇంజిను బెల్టుతో తిరుగుతుంది. పంపు నూనెని రెగ్యులేటరుకి పంపుతుంది, దానికి ఒక గోళం అంటుకుని ఉంటుంది, అదే మెయిన్ అక్యుములేటరు, ప్రెషర్‌తో ఉన్న నూనెని నిలవ ఉంచే చోటు. ప్రెషర్ సుమారు 170 బార్లకి చేరగానే రెగ్యులేటరు పంపుని తప్పిస్తుంది, నూనె ఊరికే ట్యాంకుకి తిరిగొస్తుంది. సుమారు 145కి పడగానే మళ్ళీ కలుపుతుంది. ఆ కలిపినప్పుడూ తప్పించినప్పుడూ ‘టిక్కు’ మని శబ్దం వస్తుంది. టైరులో మనం కొట్టించేది 30 పీఎస్ఐ. ఇక్కడ 170 బార్లంటే 2,400 పీఎస్ఐ దాటింది. సన్న లీకు ఎక్కడుందో వేలు పెట్టి వెతికితే ఆ నూనె చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. అది ఆపరేషను దాకా వెళ్ళే గాయం. అట్ట ముక్క పెట్టి వెతకండి.

ఆ టిక్కు శబ్దమే పెద్ద పరీక్ష. ఇంజిను ఐడిల్‌లో, బండి ఎత్తు మీద నిలబడ్డాక, స్టీరింగూ బ్రేకూ ముట్టకుండా, వాచీ పెట్టి రెండు టిక్కుల మధ్య ఎంత సమయం పట్టిందో చూడండి. అర నిమిషం, ఆ పైన ఉంటే బావుంది. పది సెకన్లలోపే కొడుతుంటే రెండు కారణాలుండొచ్చు: మెయిన్ అక్యుములేటరులో గ్యాసు పోయి నూనె నిలవ చేసుకునే చోటు లేకుండా పోవడం, లేదంటే ఏదో వాల్వు లోపల నుంచి కారిపోవడం. ముందు అక్యుములేటరు గోళం మార్చి మళ్ళీ కొలవండి, చవకలో తేలేది అదే. దాన్ని అలాగే వదిలేస్తే పంపు నిమిషానికి ఎన్నోసార్లు కొట్టుకుని అరుగుతుంది.

ఇప్పుడు ఎత్తు చూసే వాల్వు, హైట్ కరెక్టరు. ముందుకొకటి, వెనకకొకటి. ఇది నాకు ఈ కారులో అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే యాంటీ రోల్ బార్ తెలుసు కదా. దాని నడి మధ్యన ఒక పట్టు, దానికి సన్నటి కడ్డీ, ఆ కడ్డీ చివర వాల్వు. నడి మధ్యనే ఎందుకు? మలుపులో ఒక చక్రం పైకి, ఒకటి కిందికి పోతే బార్ మెలి తిరుగుతుంది గానీ మధ్య భాగం కదలదు. రెండూ కలిసి దిగితేనే మధ్య భాగం తిరుగుతుంది. అంటే మలుపులో బండి ఒరిగిందా, బరువెక్కి కుంగిందా అన్న తేడా ఏ కరెంటూ లేకుండా ఒక ఉక్కు కడ్డీ తేల్చి చెప్తోంది. మరి ప్రతి గుంతకీ వాల్వు తెరుచుకోదా? దాని రెండు చివర్లా నూనె గదులున్నాయి, వాటి మధ్య చాలా సన్నటి దారి ఉంది. వాల్వు కదలాలంటే నూనె ఆ సన్నదారిలోంచి పోవాలి, దానికి కొన్ని సెకన్లు పడుతుంది. గుంత అంతలో దాటిపోతుంది. మనిషి ఎక్కితే కుంగింది కుంగినట్టే ఉంటుంది కాబట్టి వాల్వు నెమ్మదిగా తెరుచుకుంటుంది.

ఈ చిన్న ఉక్కు కడ్డీని చూడండి, ఇది స్లైడ్ వాల్వు లోపలి ముక్క. దీనికి రబ్బరు సీళ్ళు లేవు. 170 బార్ల నూనెని ఆపేది కేవలం ఈ కడ్డీకీ దాని సిలిండరుకీ మధ్య సందు తక్కువ కావడమే. ఆ సందు ఒకటి నుంచి మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. ఏ కడ్డీకి ఏ సిలిండరో జత చూసి పెట్టారు, ఒకదాని కడ్డీ ఇంకోదానిలో పెట్టకూడదు. ఎమెరీ కాగితం తాకించకూడదు. నూలు పోగులు రాలే గుడ్డతో తుడవకూడదు. అసలు విప్పడానికి ముందు చుట్టూ మట్టి లేకుండా కడగాలి, ఒక్క ఇసుక రేణువు చాలు.

వెనకనుంచి ఒకరు అడుగుతున్నారు, సీలు లేకపోతే కారదా అని. కారుతుంది. మంచి ప్రశ్న. ఆ సందులోంచి నూనె ఎప్పుడూ కొద్దిగా జారి ట్యాంకుకి పోతూనే ఉంటుంది. పొద్దున మనం చూసిన కుంగుడు దానివల్లే. కొన్ని గంటల్లో కుంగితే అది ఆరోగ్యం. ఇంజిను ఆపిన కొన్ని నిమిషాల్లోనే కుంగితే కరెక్టరు అరిగింది.

ఎత్తు కొలిచే పద్ధతి కూడా చెప్పి ముందుకి పోతాను. చదునైన నేల, ఇంజిను ఐడిల్, లివరు మామూలు ఎత్తులో. బంపరు పట్టుకుని పైకి ఎత్తి కొంచెంసేపు పట్టుకోండి, వదిలేయండి, తనంతట తాను కుదురుకున్నాక కొలవండి. తర్వాత కిందికి నొక్కి పట్టుకుని వదలండి, కుదురుకున్నాక మళ్ళీ కొలవండి. రెండింటి సగటే అసలు ఎత్తు. ఒక్కసారి కొలిచి బార్ మీది పట్టు తిప్పేసేవాళ్ళు రోజంతా తిప్పుతూనే ఉంటారు.

నూనె సంగతికి వద్దాం, చాలా డీఎస్‌లు చచ్చింది దీనివల్లే. అంతకుముందు వాడింది ఎర్ర నూనె, ఎల్‌హెచ్‌ఎస్ అంటారు. అది మామూలు బ్రేక్ ఆయిల్ జాతిది. గాలిలో తేమని తాగుతుంది. తేమ తాగిన నూనె లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. ఒకటి రెండు మైక్రాన్ల సందు ఉన్నచోట తుప్పు అంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. 1966 నుంచి ఆకుపచ్చ నూనె వచ్చింది, ఎల్‌హెచ్‌ఎమ్, ఇది ఖనిజ తైలం. తేమ తాగదు, తుప్పు పట్టనివ్వదు. డీఎస్ నిజంగా నమ్మదగిన బండి అయింది అప్పుడే, నా లెక్కలో ఆకారం మారడం కంటే ఇది పెద్ద మార్పు.

కానీ రెండు నూనెలకీ రబ్బర్లు వేరు. ఎర్ర నూనె బండిలో ఆకుపచ్చ పోస్తే దాని సీళ్ళు ఉబ్బి మెత్తబడతాయి. ఆకుపచ్చ బండిలో షాపులో దొరికే బ్రేక్ ఆయిల్ పోస్తే దాని సీళ్ళూ అలాగే పాడవుతాయి. పొరపాటున కొద్దిగా పోసినా ఇంజిను స్టార్ట్ చేయకండి, ట్యాంకు మాత్రమే కడిగితే సరిపోతుంది. స్టార్ట్ చేశారా, అది గోళాల్లోకి, బ్రేకుల్లోకి, గేర్‌బాక్సు మీది సిలిండర్లలోకి చేరుతుంది. ఇక ప్రతి సీలూ మార్చాల్సిందే. గుర్తు పట్టడం తేలికే: ఆకుపచ్చ నూనె బండిలో భాగాలకి ఆకుపచ్చ రంగు వేశారు, ఎర్ర నూనె బండిలో భాగాలకి నలుపు. పాత బండిలో ఎవరో విడిభాగం మార్చి ఉండొచ్చు, నలుపూ ఆకుపచ్చా కలిసి కనిపిస్తే ముందు ఆగి ఆరా తీయండి.

గొట్టాల కీళ్ళ గురించి కూడా ఒక మాట. గొట్టం చివర చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. గొట్టం మూతి రబ్బరు దాటి కొద్దిగా బయటికి ఉండాలి, అది ఎదుటి రంధ్రం అడుగున నిటారుగా కూర్చోవాలి. అది కూర్చున్నాకే నట్టుని వేళ్ళతో మొదలుపెట్టాలి. కారుతోందని పానాతో ఇంకా బిగిస్తే రబ్బరు నలిగి ఇంకా కారుతుంది. విప్పి కొత్త తొడుగు వేయాలి, వేరే దారి లేదు.

ఇంత పంపు, ఇంత ప్రెషర్ బండిలో ఉన్నాక దాన్ని సస్పెన్షనుకే ఎందుకు వదిలేస్తారు? స్టీరింగుకి అదే నూనె, బ్రేకుకి అదే, క్లచ్‌కీ గేర్లకీ అదే. డీఎస్‌లో బ్రేకు పెడల్ లేదు, నేల మీద పుట్టగొడుగులాంటి రబ్బరు బొత్తం ఉంటుంది. అది కదిలే దూరం చాలా కొద్ది. ఎంత దూరం నొక్కాం అన్నది కాదు, ఎంత బలంగా నొక్కాం అన్నదే లెక్క. మామూలు కారు అలవాటుతో కాలు వేసినవాళ్ళు మొదటి రోజు అద్దానికి తల కొట్టుకుంటారు.

ఆ బ్రేకులో ఒక గొప్ప సంగతి ఉంది. వెనక సస్పెన్షనులో ప్రెషర్ ఎంత ఉంటే వెనక అంత బరువుందన్నమాట. ఆ ప్రెషర్‌నే ఒక చిన్న పిస్టన్‌కి అందించి, బ్రేకు బలాన్ని ముందుకీ వెనకకీ పంచే అడ్డకడ్డీ కింద ఉన్న రోలర్ని అటూ ఇటూ జరిపించారు. వెనక సీటు ఖాళీగా ఉంటే వెనక బ్రేకుకి తక్కువ వాటా, చక్రం లాక్ అవదు. నిండుగా ఉంటే ఎక్కువ వాటా. కంప్యూటర్లు చేసే ఈ పనిని 1955లో ఒక రోలరు చేసింది.

ముందు బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర లేవు, గేర్‌బాక్సు పక్కన ఉన్నాయి. చక్రం తేలికపడింది, పైగా ఖాళీ అయిన హబ్బు లోపల స్టీరింగు తిరిగే ఇరుసుని సరిగ్గా టైరు మధ్య గీతలోకి తెచ్చి పెట్టగలిగారు. టైరు పేలినా స్టీరింగు ఒక పక్కకి లాగదు. 1962 ఆగస్టు 22న పారిస్ శివారు పెతి క్లమార్ దగ్గర ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గోల్ ప్రయాణిస్తున్న డీఎస్ మీద కాల్పులు జరిగాయి, టైర్లు పోయినా బండి ఆగకుండా బయటపడింది. డ్రైవరు నేర్పూ ఉంది, ఈ జ్యామితీ ఉంది. నష్టం ఏమిటంటే గేర్‌బాక్సు పక్క సీలు కారితే నూనె నేరుగా డిస్కు మీద పడుతుంది. బ్రేకు ఒక పక్కకి లాగుతుంటే ప్యాడ్లు మార్చడం కాదు, ముందు ఆ సీలు చూడాలి.

చక్రం మార్చడానికి జాకీ అక్కర్లేదు. ఇంజిను నడుస్తుండగా ఎత్తు లివరు అన్నిటికంటే పైకి, బండి పూర్తిగా లేచేదాకా ఆగాలి. పంక్చరు పడ్డ వైపు తలుపుల కింద ఉన్న కొక్కేనికి బండితో వచ్చే స్టాండు తగిలించాలి. లివరు అన్నిటికంటే కిందికి. బండి దిగబోతుంది, స్టాండు అడ్డుపడుతుంది, దాంతో ఆ పక్క చక్రాలు పైకి లేస్తాయి. వెనక చక్రమైతే ముందే మడ్‌గార్డు విప్పాలి, ఒకే ఒక్క బోల్టు. ఈ స్టాండు చక్రం మార్చడానికి మాత్రమే. దాని మీద ఉన్నప్పుడు, లేదా ఊరికే నూనె మీద పైకి లేచి ఉన్నప్పుడు బండి కిందికి దూరకండి. ఒక్క గొట్టం తెగితే టన్ను పైన బరువు ఒక్కసారిగా దిగుతుంది. ఉక్కు స్టాండ్లు నాలుగూ పెట్టాకే పడుకోవాలి.

గేర్ల గురించి క్లుప్తంగా చెప్తాను. క్లచ్ పెడల్ లేదు, స్టీరింగు వెనక చిన్న లివరు. దాన్ని జరిపితే నూనే క్లచ్ విడదీసి, గేరు మార్చి, క్లచ్ మళ్ళీ కలుపుతుంది. ఐడిల్‌లో క్లచ్‌ని విడదీసి ఉంచేది ఇంజిను వేగాన్ని చూసే ఒక సెంట్రిఫ్యూగల్ రెగ్యులేటరు. అందుకే ఐడిల్ స్పీడు సరిగ్గా లేని బండి సిగ్నల్ దగ్గర ముందుకి పాకుతుంది. క్లచ్ ముట్టుకునే ముందు కార్బురేటరు సర్దండి.

ఇదే గొలుసు వేరే దేశాల బళ్ళలోనూ కనిపిస్తుంది. హాలండ్‌లో హబ్ వాన్ డోర్నె తీసుకున్న మొదటి నిర్ణయం, గేర్లే వద్దు. 1958లో చూపించిన డాఫ్ 600లో 590 సీసీ రెండు సిలిండర్ల ఇంజిను ముందు, వెనక రెండు రబ్బరు బెల్టులు, ఒక్కో చక్రానికి ఒకటి. పుల్లీ బిళ్ళలు దగ్గరవుతూ దూరమవుతూ నిష్పత్తి మారుస్తాయి, బిళ్ళల్ని నెట్టేవి సెంట్రిఫ్యూగల్ బరువులు, ఇంజిను వ్యాక్యూమ్. మన యాక్టివా స్కూటర్ ఎడమవైపు మూత విప్పితే కనిపించే రోలర్లు, బెల్టు ఇవే సూత్రం. తేడా ఏమిటంటే స్కూటర్లో క్లచ్ వెనక పుల్లీ దగ్గర, డాఫ్‌లో ఇంజిను దగ్గర. ఇక గొలుసు చూడండి: రివర్స్ గేరు బెల్టులకి ముందే ఉంది, కాబట్టి బండి ముందుకి ఎంత వేగంగా పోతుందో వెనక్కీ అంత వేగంగా పోతుంది. రెండు బెల్టులూ వాటంతట అవి సర్దుకుంటాయి కాబట్టి డిఫరెన్షియల్, అంటే మలుపులో రెండు చక్రాల్నీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, లేదు. డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఒక వెనక చక్రం జాకీ మీద పెట్టి ఇంజిను నడిపి గేరు వేస్తే, నేల మీదున్న రెండో చక్రం బండిని జాకీ మీంచి లాగేస్తుంది. రెండూ ఎత్తాలి. బెల్టులు జతగానే మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది వేస్తే ఒక పక్క చక్రం ఎప్పుడూ రెండోదాన్ని ఈడుస్తుంది.

స్వీడన్ సాబ్ వాళ్ళ మొదటి నిర్ణయం రెండు స్ట్రోకుల ఇంజిను. 1960లో వచ్చిన సాబ్ 96లో మూడు సిలిండర్లు, 841 సీసీ. రాజ్‌దూత్, యెజ్డి నడిపినవాళ్ళకి పెట్రోలులో 2టీ ఆయిల్ కలపడం తెలుసు. ఇంజినుకి నూనె పెట్రోలుతోనే అందుతుంది. పొడవాటి ఘాట్ దిగుతూ యాక్సిలరేటరు వదిలేస్తే పెట్రోలు రాదు, పెట్రోలు రాకపోతే నూనె రాదు, చక్రాలు మాత్రం ఇంజినుని గిరగిరా తిప్పుతుంటాయి. పిస్టన్లు పట్టేస్తాయి. అందుకని గేర్‌బాక్సులో ఫ్రీవీల్ పెట్టారు, సైకిల్ వెనక చక్రంలో ఉన్నట్టు. కాలు తీస్తే చక్రాలు తిరుగుతాయి, ఇంజిను ఐడిల్‌కి దిగుతుంది.

దాని వెంట వచ్చే పర్యవసానాలు మూడు. దిగుడులో ఇంజిను బ్రేకింగు ఉండదు, కాబట్టి బ్రేకుల మీదే ఆధారపడాలి. తోసి స్టార్ట్ చేస్తే బండి కదులుతుంది గానీ ఇంజిను తిరగదు, ముందు ఫ్రీవీల్ లాక్ చేసే పిడి వేసుకోవాలి. ఇక వాలులో నిలిపేటప్పుడు, మూతి కిందివైపు ఉంటే ఫస్ట్ గేరులో పెట్టి వెళ్ళకండి, ఫ్రీవీల్ జారి బండి దొర్లిపోతుంది. రివర్స్‌లో పెట్టండి, అప్పుడు ఫ్రీవీల్ పట్టుకుంటుంది. చేతి బ్రేకు ఎలాగూ వేయాలి.

గోళం, స్లైడ్ వాల్వు, గొట్టం తొడుగు బయట బల్ల మీద పెడుతున్నాను, దగ్గరకి వచ్చి చూడండి. గోళంలో గ్యాసు లేదు, భయపడక్కర్లేదు. స్లైడ్ వాల్వుని మాత్రం చేతులు తుడుచుకుని పట్టుకోండి. సిలిండరు నిటారుగా పట్టి కడ్డీని మూతి దగ్గర వదిలితే దాని బరువుకి అదే దిగుతుంది. ఎక్కడైనా ఆగితే తోయకండి, బయటికి తీసి తుడిచి మళ్ళీ వదలండి.